ఆదివారం అర్జీలు

మొన్న సంక్రాంతి సెలవుల్లో ఒక కుర్రాడు మా ఇంటికొచ్చాడు. లా నాలుగో ఏడు చదువుతున్నాడు. వాళ్ల మేనమామ మా పక్క వీధిలో ఉంటాడు. నేను లా కాలేజీలో డీన్‌గా చేసి రిటైరయ్యానని ఆయనే చెప్పి పంపాడట. కూర్చోమన్నాను. మంచినీళ్లు తాగి, సంచిలోంచి ఒక కాగితం తీసి, "సర్, ముప్పై గంటలు కమ్యూనిటీ సర్వీస్ చేసినట్టు మీరొక సంతకం పెడితే చాలు సర్" అన్నాడు.

"ఎవరికి చేశావు బాబూ?" అని అడిగాను.

ఫోను తీసి చూపించాడు. ఫ్లెక్సీ ముందు పదిహేను మంది వరసగా నిలబడ్డ ఫొటో. ఫ్లెక్సీ మీద 'ఉచిత న్యాయ అవగాహన సదస్సు' అని పెద్దక్షరాలు. పక్కన మూడు వరసల కుర్చీల్లో బడిపిల్లలు. "వీళ్లలో ఎవరి కష్టం విన్నావు?" అంటే జవాబు లేదు. కుర్రాడు చెడ్డవాడు కాదు, అబద్ధాలాడే ముఖమూ కాదు. సేవ అంటే గంటల లెక్క, ఒక ఫొటో, ఒక సంతకం అని వాడికి నేర్పింది మన కాలేజీలే. సంతకం పెట్టలేదు. ఆదివారం పొద్దున రమ్మని చెప్పి పంపాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

నేను లా చదివింది వాల్తేరులో. 1977లో చేరాను. చేరిన కొద్ది నెలలకే, నవంబరు 19న, దివిసీమను ఉప్పెన ముంచేసింది. శనివారం అది. వేలమంది పోయారు. మాకు హిందూ లా చెప్పే మాష్టారు ఆ వారం క్లాసుకొచ్చి పుస్తకం తెరవలేదు. "నాతో ఎవరొస్తారు?" అన్నారు. పదకొండు మందిమి లేచాం. మార్కులుంటాయా అని ఎవరూ అడగలేదు. సర్టిఫికెట్టు అన్న మాటే ఎవరి నోటా రాలేదు. ఇంటికో కార్డు ముక్క రాసి పడేసి రైలెక్కాం. బెజవాడలో దిగి, పులిగడ్డ దాకా లారీలో వెళ్లి, ఆపైన నడిచాం.

మొదటి వారం మేం లా విద్యార్థులమన్న సంగతే గుర్తు లేదు. బియ్యం బస్తాలు మోశాం, బురదలోంచి దూలాలు లాగాం, ఇంకా నోటితో చెప్పలేని పనులు చేశాం. నాగాయలంక, కోడూరు వైపు ఊళ్లలో చెట్లకు ఆకుల్లేవు, కొమ్మలకు చీర పీలికలు వేలాడుతుండేవి. రెండో వారంలో మాష్టారు ఒక విరిగిన తలుపు చెక్కను ఇటుకల మీద పెట్టించి, దాని వెనక బాసింపట్టు వేసుకు కూర్చున్నారు. జనం వరస కట్టారు. పట్టాలు నీళ్లలో పోయినవాళ్లు, రేషను కార్డులు పోయినవాళ్లు, చచ్చిపోయింది తమ మనిషేనని ఎవరికి ఎలా రుజువు చెయ్యాలో తెలియనివాళ్లు.

ఆ వరసలో ఒకామె. పందొమ్మిదేళ్లుంటాయి. ఎనిమిదో నెల. తొలికాన్పుకని అవనిగడ్డ దగ్గర పుట్టింటికి వచ్చి ఉండబట్టి బతికింది. సముద్రం ఒడ్డునున్న అత్తవారి ఊళ్లో మొగుడూ బావగారూ ఇద్దరూ ఒకే రాత్రి కొట్టుకుపోయారు. అత్తమామలు అంతకు ముందే లేరు. బావగారికి పెళ్లి కాలేదు. ఆయన కూలి డబ్బులు కూడబెట్టి సొంతంగా కొన్న ఎకరం నేల ఉంది. ఆడపడుచు మొగుడు వచ్చి, "పొలం మా బావమరిది పేరున ఉంది, ఆయనకి మిగిలిన రక్తం మా ఆవిడొక్కతే, ఎకరమూ మాదే" అంటున్నాడు. ఈమె తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆమె తల ఎత్తలేదు. మాష్టారు ముందు అడిగింది "అన్నం తిన్నావా అమ్మా?" అని. ఆమె తల ఊపాక, "ఇప్పుడు చెప్పు, ఎవరెవరు పోయారు?" అన్నారు. "మా ఆయన, మా బావగారు" అంది. మాష్టారు అక్కడే ఆగి, ఆ 'బావగారు' అన్న మాట కింద గీత గీశారు.

మాకు వెలగలేదు. సాయంత్రం విడమరిచి చెప్పారు. హిందూ వారసత్వ చట్టం, 1956, సెక్షన్ 21. ఇద్దరు ఒకే ఆపదలో పోయి, ఎవరు ముందు పోయారో తేల్చలేనప్పుడు, వేరే రుజువు దొరికేదాకా చిన్నవాడు పెద్దవాడి తరవాత పోయినట్టు లెక్క. బావగారంటే మొగుడికి అన్న. కాబట్టి అన్న పోయిన క్షణాన తమ్ముడు చట్టం కంట్లో బతికే ఉన్నాడు. భార్యాబిడ్డలు, తల్లిదండ్రులు లేని ఆ అన్న ఆస్తి తోడబుట్టిన ఇద్దరికీ చెరిసగం వస్తుంది. తమ్ముడికొచ్చిన సగం ఆయన భార్యకీ బిడ్డకీ పోతుంది. బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది కదా అంటారేమో, సరిగ్గా దాని ముందున్న సెక్షన్ 20 ఆ బిడ్డ కోసమే ఉంది. ప్రాణంతో పుడితే, అప్పటికే పుట్టి ఉన్న బిడ్డకున్న హక్కే దానికీ ఉంటుంది. అదే పోయినవాడు బావగారు కాక మరిది అయి, పొలం అతని పేరున ఉండి ఉంటే, ఆమెకు సెంటు కూడా దక్కేది కాదు. ఒక వరస పిలుపు మీద అర్ధెకరం నిలబడింది. ఆమె నోట ఆ మాట వచ్చేదాకా ఓపిగ్గా కూర్చున్నవాడికే అది దొరికింది. క్లాసులో ఈ రెండు సెక్షన్లకూ కలిపి రెండు నిమిషాలు పట్టింది మాకు.

ఆడపడుచు మొగుణ్ని కూడా మాష్టారు ఆ చెక్క ముందు కూర్చోబెట్టుకున్నారు. కసరలేదు. కోర్టుకెళ్తే ఏళ్లు పడుతుందనీ, వెళ్లినా సగమే వస్తుందనీ రెండు గంటలు చెప్పారు. అతనూ చెల్లెల్నీ ఇల్లునీ పోగొట్టుకున్నవాడే. చివరికి ఒప్పుకున్నాడు. తహసీల్దారుకి అర్జీ నాచేత రాయించారు. రాసింది మొత్తం ఆమెకు చదివి వినిపించమన్నారు. ఒకసారి కాదు, రెండుసార్లు. వేలిముద్ర వేయించి, పక్కన 'నిశాని' అని రాసి, చదివి వినిపించినట్టు కింద నన్ను సంతకం పెట్టమన్నారు. స్టాంపు ప్యాడ్ ఎండిపోయి ఉంటే నాలుగు చుక్కలు నీళ్లు చల్లాం. ఆమె బొటనవేలికి ఆరిన బురద ఉంది. తుడిచి, నేనే పట్టుకుని నొక్కాను. వేసవి సెలవులకు ముందు వాళ్ల నాన్న రాయించిన కార్డు ముక్క వచ్చింది. ఆడపిల్ల పుట్టింది, అర్ధెకరం పేరు మారింది. మాష్టారు దాన్ని క్లాసులో చదివి వినిపించి, మాట్లాడకుండా పాఠం మొదలుపెట్టారు.

నేను లా నేర్చుకున్నది అక్కడ. తరవాత ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పాను, డీన్ కుర్చీలో కూర్చున్నాను. ఎక్కడ కూర్చున్నా ఆ తలుపు చెక్క కంటే పెద్ద క్లాసురూము నాకు కనపడలేదు.

వాల్తేరు హాస్టలు సంగతి కూడా చెప్పాలి. ముల్లా రాసిన లా పుస్తకాలు లైబ్రరీలో రెండే కాపీలు. పరీక్షలప్పుడు ఒకడు గట్టిగా చదివితే, ఆరుగురు చుట్టూ కూర్చుని రాసుకునేవాళ్లం. చదివేవాడికి గొంతు ఆరిపోతే ఇంకొకడు అందుకునేవాడు. అందువల్ల ఎవడికి ఏది అర్థం కాలేదో అందరికీ తెలిసేది. ఇంటి నుంచి మనియార్డరు ఆలస్యమైతే మెస్సు బిల్లు ఎవరు కట్టారో మూడో మనిషికి తెలిసేది కాదు. ఎమర్జెన్సీ ఎత్తేశాక, ఎన్‌కౌంటర్ల మీద విచారణకు వేసిన భార్గవ కమిషన్ ముందు న్యాయవాది కన్నబిరాన్ గారు వాదిస్తున్న రోజులవి. పేపరు వస్తే వరండాలో ఒకడు చదవడం, మిగతావాళ్లం ఆయన అడిగిన ప్రశ్న మీద అర్ధరాత్రి దాకా కొట్లాడుకోవడం. మాకు మూట్ కోర్టంటే అదే.

అన్నీ బంగారమేనని నేననను. మా క్లాసులో అరవై మందికి ఆడపిల్లలు ముగ్గురే. మెస్సులో ఏ బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారో కులం చూసి చెప్పొచ్చు, ఆ సిగ్గు దాచను. ఇవాళ క్లాసుల నిండా ఆడపిల్లలున్నారు, ఎక్కడెక్కడి పల్లెల నుంచో మొదటి తరం పిల్లలొస్తున్నారు. అది చూస్తే నా కడుపు నిండుతుంది. అందుకే నా బాధ ఇంకా ఎక్కువ. ఇంతమంది వచ్చారు కదా, వచ్చి ఒకళ్లకొకళ్లు ఏమీ కాకుండా వెళ్లిపోతున్నారే అని.

నేను డీన్‌గా ఉన్న చివరి ఏళ్లలో జరిగింది. కాలేజీ పేరు వద్దు. హాస్టల్లో ఒక కుర్రాడికి జ్వరం. మూడు రోజులు గది తలుపు వేసుకుని పడున్నాడు. నాలుగో రోజు వాచ్‌మన్ చూసి నాకు ఫోను చేశాడు. ఆస్పత్రికి తీసుకెళ్లాం, డెంగీ అన్నారు, దేవుడి దయవల్ల బతికాడు. పక్క గదుల పిల్లల్ని పిలిచి అడిగాను. వాళ్లకు తెలియక కాదు. జ్వరమని వాడు వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. పదహారు మంది 'గెట్ వెల్ సూన్' అని జవాబిచ్చారు. తలుపు తట్టినవాడు ఒక్కడూ లేడు. మధ్యలో ఉన్నది ఒకటే గోడ. వాళ్లు కఠినులు కారు, నా ముందే ఏడ్చారు. కానీ ఆ గోడ దాటడం వాళ్లకు అలవాటు లేదు. పక్క గదివాడి మూలుగు వినపడనివాడికి రేపు క్లయింటు చెప్పని మాట ఎలా వినపడుతుంది?

ఆ కాలేజీలోనే ఇంకొకటి. ఏటా ఊళ్లలో న్యాయ సహాయ శిబిరం పెట్టేవాళ్లం. ఒకసారి నేనూ బస్సులో వెళ్లాను. పదకొండుకి మొదలు, జ్యోతి వెలిగించడం, శాలువాలు, ముగ్గురు వక్తలు, పన్నెండున్నరకి టిఫిను పొట్లాలు. పిల్లలు ఫ్లెక్సీ విప్పి చుడుతుంటే, ఒక ముసలమ్మ ప్లాస్టిక్ కవర్లో కాగితాలు పట్టుకుని వచ్చింది. పొలం నుంచి వస్తోంది, కాళ్లకు మట్టి ఉంది. "ఇక్కడ కాయితాలు చూస్తారంట గదా బాబూ" అంది. "ప్రోగ్రాం అయిపోయిందమ్మా" అన్నాడు మావాడొకడు, మర్యాదగానే. నేను దిగి ఆ కాగితాలు చూశాను. మొగుడు పోయి ఆరేళ్లు, వితంతు పింఛను దరఖాస్తు మూడుసార్లు వెనక్కొచ్చింది. ఆధార్‌లో ఆమె పేరు ఒక రకంగా, మరణ ధ్రువపత్రంలో ఇంకొక రకంగా ఉంది. ఇంత చిన్న పని. అరగంట కూర్చుంటే తేలిపోయే పని. బస్సు డ్రైవరు హారన్ కొడుతున్నాడు. ఆ ఏడు మా శిబిరం మీద పంపిన నివేదికలో లబ్ధిదారుల సంఖ్య ఉంది. ఈమె ఒక్కతే నిజంగా మా దగ్గరికి వచ్చిన మనిషి.

ఎందుకిలా అయిందని ఆలోచిస్తాను. చట్టంలో లోపం లేదు. ఉచిత న్యాయ సహాయం అందించాలని 42వ సవరణతో 1976లోనే రాజ్యాంగంలో 39ఎ అధికరణం పెట్టుకున్నాం. 1987 నాటి న్యాయ సేవల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. విశ్వవిద్యాలయాల్లో, లా కాలేజీల్లో న్యాయ సేవా క్లినిక్కులు పెట్టించడం, నడిపించడం కూడా ఆ చట్టం చెప్పిన పనే. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో మూడేళ్ల కోర్సుకి 12 వారాలు, ఐదేళ్లదానికి 20 వారాలు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. కాగితం మీద మా రోజుల కంటే ఎన్నో రెట్లు మేలు. మాకు ఈ చట్టమూ ఈ నిబంధనలూ లేవు, ఒక మాష్టారున్నాడు. ఇప్పుడు నిబంధన ఉంది, మాష్టారు లేడు. ఉన్నా, వారానికి పద్దెనిమిది క్లాసులు, తనిఖీ బృందాల కోసం ఫైళ్లు, అడ్మిషన్ల లెక్కలు. ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని ఊళ్లోకి వెళ్లమంటే ఆయనకి ఒంట్లో ఓపిక ఏది? వెళ్లినా ఆయన పదోన్నతికి అది లెక్కలోకి రాదు.

జాతీయ లా స్కూళ్ల మీద నాకు గౌరవముంది. బెంగళూరులో మాధవ మీనన్ గారు మొదలుపెట్టిన ఐదేళ్ల చదువు దేశానికి మంచి న్యాయవాదుల్ని ఇచ్చింది. మన హైదరాబాదుకి 1998లో నల్సార్ వచ్చింది, విశాఖకి దామోదరం సంజీవయ్య పేరున ఇంకొకటి వచ్చింది. కానీ ఆ మెరుపు చూసి ఊరూరా ప్రైవేటు కాలేజీలు పట్టుకున్నది వాళ్ల చదువుని కాదు, 'ప్లేస్‌మెంట్' అన్న మాటని. లక్షల ఫీజు కట్టిన తండ్రి, జీతమెంత అని అడగడా? అడుగుతాడు. తప్పు ఆయనది కాదు. లా అంటే కంపెనీ కాంట్రాక్టులని పిల్లవాడికి చెప్పినవాళ్లది.

లా అంటే జనమని చూపినవాళ్లూ మనకున్నారు. 1935లో బొంబాయి గవర్నమెంటు లా కాలేజీ ప్రిన్సిపాల్‌గా అంబేడ్కర్ కూర్చున్నారు. అదే ఏడాది అక్టోబరులో యేవలా సభలో వేలమంది ముందు నిలబడి, హిందువుగా పుట్టినా హిందువుగా చావనని ప్రకటించారు. ప్రిన్సిపాల్ కుర్చీ ఆయన్ని జనం నుంచి విడదీయలేదు. 1985లో కారంచేడులో దళితుల ఊచకోత జరిగినప్పుడు బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల పక్కన నిలబడ్డారు. ఆయన రాసిన 'పోలీసులు అరెస్టు చేస్తే' చిన్న పుస్తకం. మామూలు తెలుగులో, మామూలు మనిషి కోసం రాసింది. నేను ఏటా మొదటి సంవత్సరం పిల్లలకి దాని గురించి చెప్పేవాణ్ని. చివరి ఏళ్లలో తారకం ఎవరని అడిగితే చేతులు లేచేవి కావు.

ఇంతకీ ఆ కుర్రాడు. ఆదివారం వచ్చాడు. మా ఊరి గ్రంథాలయం అరుగు మీద నేను ఆదివారాలు తొమ్మిదింటి నుంచి పన్నెండు దాకా కూర్చుంటాను. అర్జీలు రాసిపెడతాను, కాగితాలు చదివి చెబుతాను. ఆ రోజు ఒక రైతు వచ్చాడు, గట్టు తగాదా. కుర్రాణ్ని రాయమన్నాను. ఇంగ్లీషులో అయితే రాస్తానన్నాడు. తహసీల్దారుకి తెలుగులో రాయాలి, రాసింది ఈయనకి అర్థమవ్వాలి అన్నాను. కలం పట్టుకుని అరపేజీకి ముప్పావుగంట తీసుకున్నాడు. "చెక్కుబందీ రాయి" అంటే నా ముఖం చూశాడు. లా నాలుగో ఏడు పిల్లవాడు ఆ మాట వినలేదు. రైతే చెప్పాడు: "తూర్పున ఎవరి చేను, దచ్చినాన ఏ డొంక, పడమర ఏ కాలవ, ఉత్తరాన ఏ గట్టు, అవి బాబూ." కుర్రాడు నాలుగు దిక్కులూ రాసుకున్నాడు. రాస్తూ రాస్తూ, "ఆ కాలవ మీదేనా, పంచాయతీదా?" అని తనంతట తను అడిగాడు. అసలు తగాదా అక్కడే ఉంది. రైతు ముఖం విప్పారింది. ఎవరూ ఆ మాట అడగలేదట ఇన్నాళ్లూ.

తరవాత ఇంకో రెండు ఆదివారాలు వచ్చాడు. ఒక తల్లికి ఎఫ్ఐఆర్ కాపీ డబ్బు కట్టకుండా ఇవ్వాలని చట్టమే చెబుతోందని వాడే వివరించాడు. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలొచ్చి సెక్షన్ల నంబర్లు మారిపోయాయి. జనం ఇంకా మోసగాణ్ని 'ఫోర్ ట్వంటీ' అనే అంటున్నారు, అది ఇప్పుడు 318 అయింది. ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని, ఆన్‌లైన్లో ఇచ్చిన ఫిర్యాదు మీద మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలని ఊళ్లలో ఎవరు చెబుతారు? ఇవన్నీ పరీక్ష కోసం కొత్తగా చదివింది ఈ పిల్లలే. చెప్పాల్సింది వీళ్లే. కాలేజీలు తెరిచాక ఆ కుర్రాడు మానేశాడు. హాజరు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరట, ఆదివారాలు కూడా ఏవో ప్రత్యేక తరగతులట. కాగితం మీద నేను సంతకం పెట్టాను, చేసినన్ని గంటలకే. తొమ్మిది.

డీన్లుగా, ప్రిన్సిపాళ్లుగా ఉన్న నా తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఒక్క మాట. నెలకొక్క ఆదివారం ఒక మాష్టారినీ అయిదుగురు పిల్లల్నీ ఒకే ఊరికి పంపండి. ఏటా ఊరు మార్చొద్దు. వెళ్లిన చోటికే మళ్లీ మళ్లీ వెళ్లనివ్వండి. ఫ్లెక్సీ కట్టొద్దు. ఆ మాష్టారికి ఆ వారం రెండు క్లాసులు తగ్గించండి.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా కోర్టు పని పడితే, ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి, వికలాంగులకి, జైల్లో ఉన్నవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ప్రభుత్వమే వకీల్ని పెడుతుంది. 15100కి ఫోను చేయండి. జిల్లా కోర్టు ఆవరణలోనే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది.

మా ఊరి గ్రంథాలయం అరుగు మీద వచ్చే ఆదివారం కూడా నేనుంటాను. తెల్లకాగితాలూ స్టాంపు ప్యాడూ నా దగ్గరున్నాయి. రాసేవాళ్లు కావాలి.